వాన మీద వేసిన హాస్యం

బుర్రకథలో నడుమ తంబుర పట్టుకుని నిలబడేవాడు కథకుడు. కుడి పక్క వంతగాడు లోకం పోకడ మాట్లాడతాడు. ఎడమ పక్క వంతగాడు నవ్విస్తాడు. నేను ఎడమ పక్క. కర్నూల్లో గుడారాలు వేసి రాజధాని పెట్టిన రోజులకు ముందూ వెనకా కలిపి పదేళ్లు ఆ పక్కనే నిలబడి గుమ్మెట వాయించాను.

నాకు డొంకతిరుగుడు చేతకాదు, కాబట్టి చెప్పదలచింది ముందే చెప్పేస్తాను. పరాయి మతం వాడి మీద పళ్లు నూరేవాడు వేయించిన పందిరి ఎక్కొద్దు. వాడు దేవుడి పటం పెట్టనీ, పానకం పోయనీ, శాలువా కప్పనీ, ఎక్కొద్దు. కథ చెప్పేవాళ్లకైనా, నాటకం ఆడేవాళ్లకైనా, మేళగాళ్లకైనా, భజన గురువులకైనా నాది ఇదే మాట. ఇది పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. ఒక మనిషి చెయ్యి విరిచి నేర్చుకున్నాను. విరిచింది నా చేతులతో కాదు, నా నోటితో.

మా దళం ముగ్గురిది. కథకుడు మా అమ్మ తమ్ముడు, నాకు మామ. కుడి వంతగాడిదీ నాదీ ఒకే ఊరు, కమలాపురం పక్కన. దూదేకుల సాయిబుల పిల్లవాడు. వాళ్ల నాయన పరుపులు కుట్టేవాడు. మేమిద్దరం ఒకే బడిలో దెబ్బలు తిన్నాం, ఒకే చేన్లో శనక్కాయలు దొంగిలించాం. వాడి చెయ్యి గుమ్మెట మీద పడితే మా మామ అంతటివాడు పదం మరిచి ఒక్క క్షణం వినేవాడు. వాడికి భూమి లేదు, ఇంకో పని రాదు. ఆ కుడి చెయ్యే వాడి సేద్యం. పేరును బట్టి వాడిది ఏ కులమో, ఏ మతమో ఎవరికీ తెలిసేది కాదు, మేమూ ఎక్కడా చెప్పుకునే వాళ్లం కాదు. అడిగేవాళ్లు కూడా లేరు ఆ రోజుల్లో, లేదా లేరని మేం అనుకున్నాం.

హాస్యం చెప్పేవాడికి ఒక పద్ధతి ఉంది. కథ ఉన్న రోజు పొద్దున్నే ఊళ్లోకి దిగాలి. ఎవడు పిసినారి, ఎవరి ఎద్దు ఎవరి చేన్లో పడింది, ఏ పెద్దమనిషి భార్యకు భయపడి చేన్లో పడుకుంటాడు, ఇవన్నీ పోగు చేసుకోవాలి. సాయంత్రం కథ నడుమ వాటిని దూర్చాలి. ఎవరి మీద మాట పడుతుందో వాళ్లకు ముందుగా కబురు పెడతాం, వాళ్లు వచ్చి ముందు వరసలో కూర్చుంటారు. కోపమా? రామ రామ. నా మీద వేయలేదని అలిగినవాళ్లను చూశాను గానీ, వేశావని అలిగినవాడిని చూడలేదు. మాట పడినవాడు ఆ ఏడాదంతా మీసం తిప్పుకుంటూ తిరుగుతాడు.

ఆ ఊరు ఆలూరు దాటి పడమరగా పోతే వస్తుంది. పేరు చెప్పను. ఆ ఊళ్లో ఇప్పుడున్నవాళ్లు ఏ పాపమూ ఎరగరు. అప్పటికి మూడేళ్లుగా అక్కడ వాన లేదు. జొన్న మొలిచి ముక్కాలి పీట ఎత్తు కూడా పెరగక ఎండిపోయింది. ఎద్దులను అమ్ముకున్నారు, కొనేవాళ్లు లేక కొందరు వదిలేశారు. దిగుడు బావిలో అడుగున పిడికెడు బురద. ఆడవాళ్లు కొబ్బరి చిప్పలతో ఆ బురద తోడి, గుడ్డలో వడగట్టి తాగుతుంటే నేను కళ్లారా చూశాను.

అలాంటి ఊళ్లో శ్రీరామనవమి పందిరి వేయించాడు అక్కడి పెద్దాయన. సేద్యం ఉంది, పత్తి జిన్నింగు మిల్లు ఉంది. నైజాంలో గొడవలు జరిగిన రోజుల్లో తుంగభద్ర దాటి వచ్చినవాళ్లు చెప్పిన ఘోరాలన్నీ విని, అక్కడెవరో చేసినదానికి ఇక్కడి సాయిబుల మీద కసి పెంచుకున్న మనిషి. అది మాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాకు తెలిసిందల్లా ఆయన మర్యాద. ఉగ్గాని పెట్టించాడు, మా మామకు తన నులక మంచం వేయించాడు, నన్ను కూడా 'ఏమప్పా' అని నోరారా పిలిచాడు. తడిగుడ్డతో గొంతు కోసేవాళ్లు ఎప్పుడూ మర్యాదగానే ఉంటారు, అది నా అనుభవం.

మధ్యాహ్నం నన్ను అరుగు మీదకు పిలిపించుకున్నాడు. ఊరి ముచ్చట్లు రెండు మూడు చెప్పాడు, అన్నీ మామూలువే. ఆఖర్న పీర్ల చావిడి చూసుకునే ముసలాయన సంగతి ఎత్తాడు. ఆ ఊళ్లో పీర్ల పండగకు గుండం తవ్వేది బోయవాళ్లు, నిప్పు వేసేది రెడ్లు, దాని చుట్టూ ఊరంతా ఎగరడం తాతల కాలం నుంచీ ఉన్నదే. అది ఆయనకు కంటగింపు.

"ముసలోని మీద ఒక మాట యెయ్ అప్పా. వాన యెందుకు రాలేదో జనానికి తెలిసేట్టు యెయ్యి. నవ్విచ్చేదే కదా నీ పని" అన్నాడు.

నాకు అందులో తప్పు కనపడలేదు. ఇంకా చెప్పాలంటే, మంచి సరుకు దొరికిందని సంబరపడ్డాను. ఇంతవరకూ వాన మీద ఎవరూ హాస్యం వేయలేదు కదా అని నా మట్టిబుర్రకు తోచింది.

పద్ధతి ప్రకారం ముసలాయన దగ్గరికి పోయాను. నడక ఎట్లుంటుందో, గొంతు ఎట్లుంటుందో చూసుకోవాలి కదా. చావిడి ముందు కూర్చుని చిరిగిన బొంత కుట్టుకుంటున్నాడు. నా గొంతు బొంగురుగా ఉందని, పీర్ల దగ్గరి ఊది ఇంత నా నాలుక మీద వేశాడు. సాయంత్రం మీ మీద మాట పడుతుంది, రావాలి తాతా అన్నాను. ఆయన బోసినోటితో ఎంత నవ్వాడో. "నా మీద గూడా యేస్తావా నాయనా? ఇన్నాళ్లకు నేనూ పెద్దమనిసినైతి" అని, పెట్టెలోంచి ఉతికిన చొక్కా తీయించాడు.

విడిదికి వచ్చి అల్లిన మాట మా వాడికి వినిపించాను. కుడి వంతగాడు ముందుగా వినాలి, నా మాట చివర 'ఆహా' అని అందుకుని ఊతం ఇచ్చేది వాడే. వాడు విని గుమ్మెట పక్కన పెట్టేశాడు.

"రేయ్, వాన మీద వొద్దురా. ఈళ్లు కడుపు మండి ఉండారు. ఎద్దు మీద యెయ్, మిల్లు మీద యెయ్. వాన మీద వొద్దు."

వాడు మతం మాటే ఎత్తలేదు. గుర్తుంచుకోండి. వాడు ఆటగాడిగా చెప్పాడు. నేనేమన్నానో తెలుసా? ఏంరా, మీవాడని గుచ్చుకుందా అన్నాను. ఆ మాట అన్న నాలుకను అప్పుడే ఊడబీకి కుక్కలకు వేయాల్సింది. వాడు నా మొహం వంక చూసి, కాళ్లకు గజ్జెలు కట్టుకున్నాడు.

తర్వాత భజన ఉందని, ఎండ ఉండగానే కథ మొదలుపెట్టించాడు పెద్దాయన. మాది పాలెగాడి కథ. అందులో కరువు ఘట్టం వచ్చింది. మా మామ గొంతు దించి పాడుతున్నాడు, ఆడవాళ్లు కళ్లు ఒత్తుకుంటున్నారు. సరిగ్గా అక్కడ నేను అడ్డం పడ్డాను. ఏడుపు మీద వేసిన నవ్వు రెట్టింపు పేలుతుంది, అది మా విద్య.

"వానదేవుడు మబ్బుల బండి కట్టుకోని మీ ఊరి పొలిమేర దాకా వచ్చినాడంటప్పా. చూస్తే ఊరు ఊరంతా గుండం సుట్టూ ఎగురుతాండారంట, ముందర ఈ తాత. ఓహో, ఈ ఊరికి వేరే మొగుడు దొరికినాడే, నాతో ఏం పని అని బండి తిప్పుకోని పోయి బళ్లారిలో కుమ్మరిచ్చినాడంట!"

పందిరి కూలిపోయేట్టు నవ్వారు. ముసలాయన అందరికన్నా ముందు నవ్వాడు, చేతులు ఎత్తి ఊరికి దండం కూడా పెట్టాడు. ఇక్కడ కుడి పక్క నుంచి ఊతం పడాలి. పడలేదు. ఆ ఖాళీ పూడ్చడానికి నేనే గుమ్మెట మీద నాలుగు దెబ్బలు వేశాను. అప్పుడు గమనించాను, నవ్వు ఆగిపోయింది. మెల్లగా తగ్గి ఆగడం కాదు, తాడు తెంచినట్టు ఆగింది. మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. మూడేళ్లుగా వాన ఎందుకు రాలేదని దేవుళ్లను అడిగారు, సోది చెప్పించుకున్నారు, కప్పలకు పెళ్లి చేశారు. ఎవరూ జవాబు చెప్పలేదు. నేను చెప్పాను.

వెనక నుంచి ఒక గొంతు లేచింది. అది మిల్లులో పనిచేసే మనిషిదని తర్వాత తేలింది. నిజమే కదప్పా అన్నాడు. అంతే. మొదటి దెబ్బ ఎవరు వేశారో నాకు తెలియదు. ముసలాయన ఉతికిన చొక్కా మెడ దగ్గర చిరిగింది. గడ్డం పట్టి లాగారు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే బోర్లా పడ్డాడు, ఆయన మీద నుంచి జనం నడిచిపోయారు. పందిరి గుంజలు పెరికారు. మా నెత్తి మీద కొబ్బరాకులు కూలాయి. పగ్గాలు, రాళ్లు, చెప్పులు, చేతికి ఏది దొరికితే అది పట్టుకుని చావిడి వైపు పరుగెత్తారు, ముసలాయనను కాళ్లు పట్టి ఈడ్చుకుంటూ.

చావిడి తలుపు రెండు తన్నులకు ఊడింది. పట్టుగుడ్డలు చుట్టిన పీర్లను బయటికి విసిరారు. పోయినేడు వాటిని భుజాన మోసి ఎగిరినవాళ్లే వాటిని కాళ్లతో వంచారు. బావిలో వేయండని అరుపు. ఒకామె, చంకలో పసిబిడ్డ, పీరును వంగి కళ్లకద్దుకుని మరీ బావిలోకి విసిరింది. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ అర్థం కాదు. ముసలాయన నెత్తురు మింగుతూ, నీళ్లు లేవు నాయనా, పడితే పగిలిపోతాయి అని గొణుగుతున్నాడు. అయితే నువ్వు పోయి పట్టుకో అని ఇద్దరు ఆయన్ను ఎత్తారు.

మా వాడు నా పక్క నుంచి దూసుకుపోయాడు. కాళ్లకు గజ్జెలు అట్లే ఉన్నాయి, పరుగెత్తుతుంటే ఘల్లుమంటున్నాయి. పోయి ముసలాయన్ను లాక్కుని కింద వేసి, ఆయన మీద పడుకున్నాడు. వీడెవడ్రా, నీకేం నొప్పి అన్నారు. అప్పుడు చెప్పాడు వాడు, పదేళ్లలో ఎక్కడా చెప్పనిది.

"నేనూ దూదేకులోన్నే. నన్ను కొట్టండి, తాత సచ్చిపోతాడు."

వాళ్లకు ఆ మాట చాలు. వీపు మీద గుంజలు ఆడాయి. నేను అప్పటికి చేరుకున్నాను. చేతులు అడ్డం పెట్టి అరిచాను, అది హాస్యమప్పా, ఊరికే అన్నాను, నా తల్లి మీద ఒట్టు, అది ఆట మాట అని. నా మొహానికి రంగు ఉంది. కోర మీసం దిద్దుకుని ఉన్నాను, బుగ్గ మీద సున్నం చుక్క ఉంది. నేను ఏడుస్తూ అరుస్తుంటే ఇద్దరు ముగ్గురు నా వైపు తిరిగి నవ్వారు. నిజంగా నవ్వారు. పందిట్లో నవ్వించిన గొంతే కదా, ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు. ఇంకా గట్టిగా ఏడ్చాను. ఇంకా నవ్వారు. పదేళ్లు కష్టపడి సంపాదించిన పేరు నాకు ఆ పూట పనికొచ్చింది అట్లా.

వాళ్లలో ఒకడు మా వాడి కుడి చెయ్యి పట్టుకుని లాగి చావిడి గడపరాయి మీద పెట్టాడు. ఈ చేత్తోనే కదా వాయించేది అన్నాడు. ఇంకొకడు గుంజ ఎత్తాడు. ఒకసారి కాదు. మూడు సార్లు. మొదటి దెబ్బకు వాడు అరిచాడు, తర్వాత అరవలేదు. ఎముక విరిగే చప్పుడు కట్టెపుల్ల విరిచినట్టు ఉంటుందంటారు. అబద్ధం. తడిగా ఉంటుంది.

పెద్దాయన తన అరుగు దిగనే లేదు. కుర్రోళ్లు, ఉడుకు రక్తం అన్నాడట మా మామతో. పోలీసులు మరునాడు వచ్చారు. ఎవరూ ఏమీ చూడలేదన్నారు. ముసలాయన కూతురు ఆదోని దిక్కు నుంచి వచ్చి, ఆయన్ను బండిలో వేసుకుని తీసుకుపోయింది. పోయేముందు ఆ అమ్మ నన్ను చూసింది. తిట్టి ఉంటే బాగుండేది.

మా వాణ్ని ఆలూరులో ఎముకలకు కట్టు కట్టే ఆయన ఇంట్లో పెట్టాం. వెదురు బద్దలు వేసి కట్టాడు. మణికట్టు నిలుస్తుంది, వేళ్ల సంగతి చెప్పలేనన్నాడు. నాలుగో రోజు పట్టపగలు మబ్బు కమ్మింది. చైత్రమాసంలో ఎన్నడూ చూడని వాన. మిద్దె కారింది, వీధులు ఏరులయ్యాయి, జనం బట్టలతో సహా తడుస్తూ కేకలు వేస్తున్నారు. మా వాడు మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగాడు. వాన వద్దని మొక్కుకున్న రాయలసీమవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.

ఆ వాన ఆ ఊరి మీద కూడా పడింది. ఇక చెప్పాలా? చేసిన పాపమే పుణ్యమై కూర్చుంది. వారం తిరక్కుండా పెద్దాయన మనిషి పంచె, కండువా, పళ్లు పట్టుకుని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. మీ నోట దేవుడే పలికించాడట, వచ్చే నవమికి చుట్టుపక్కల ఐదూళ్లలో పందిళ్లు వేయిస్తాడట, అన్నింట్లో మేమే చెప్పాలట, ఆ మాట మాత్రం తప్పకుండా ఉండాలట. ఆ పళ్లబుట్టను నేను వీధిలోకి విసిరేశాను. మా మామ నన్ను తిట్టాడు. అతిథి తెచ్చినది పారేస్తారా అని. మామా, నువ్వు నాకు అన్నం పెట్టినవాడివి కాకపోతే ఆ బుట్టతో పాటు నువ్వూ వీధిలో ఉండేవాడివి అన్నాను. అంత మాట అన్నందుకు ఆయన నాతో రెండు నెలలు మాట్లాడలేదు.

కట్టు విప్పాక చూస్తే మణికట్టు నిలిచింది. వేళ్లు నాలుగూ లోపలికి ముడుచుకుని బిగుసుకుపోయాయి. గుమ్మెట చంకన పెట్టుకుని, చర్మం మీద చెయ్యి ఆనించి చూశాడు. రెండు మూడు సార్లు చూసి, గుమ్మెటను నాకు ఇచ్చేశాడు. అదే నెలలో పరుపులు కుట్టడానికి పోయాడు, ఎడమ చేత్తో.

ఏటా నవమికి నెల ముందు మూడు జిల్లాల దళాలూ ఎర్రగుంట్ల రైల్వే స్టేషను దగ్గర సత్రంలో కలుస్తాయి, ఎవరు ఏ ఊరు పోవాలో మాట్లాడుకుంటాయి. మేం పోమని తేలాక పెద్దాయన మనిషి అక్కడికి వచ్చాడు, ఐదూళ్ల పిలుపులతో. నేను మా వాణ్ని బతిమాలి వెంట తీసుకుపోయాను. అందరి ముందూ లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. అన్నలారా, ఆ మనిషి పందిరి ఎవరూ ఎక్కొద్దండి, మీ కాళ్లు పట్టుకుంటాను అన్నాను. పట్టుకున్నాను కూడా.

విన్నారు. తలలు ఊపారు. తర్వాత మొదలుపెట్టారు. మనం కథ చెప్పి దిగొచ్చేవాళ్లం, ఊరి గొడవలు మనకెందుకు అన్నాడొకడు. మనం పోకపోతే ఇంకొకరు పోతారు అన్నాడు ఇంకొకడు. మేం ఆ మాట తీసేసి చెప్తాంలే, మా కథలో పీర్ల ఊసే ఉండదు అన్నాడు మూడోవాడు. ఈ మూడు మాటలూ ఇప్పటికీ వింటున్నాను, మనుషులే మారారు. ఆఖరికి అనంతపురం వైపు నుంచి వచ్చిన హాస్యగాడొకడు, మంచివాడే, అసలు నువ్వన్న మాటేందో చెప్పు, వింటే కదా తెలిసేది అన్నాడు.

నేను చెప్పనన్నాను. అప్పుడు మా వాడు మూల నుంచి లేచి వచ్చి నాకు కుడి పక్కన నిలబడ్డాడు.

"చెప్పురా. ఆ పొద్దు నేను ఊతం ఇయ్యలేదు. ఇప్పుడిస్తా, చెప్పు."

చెప్పాను. పొలిమేర, మబ్బుల బండి, వేరే మొగుడు, బళ్లారి. వేరేగా చెప్పడం నాకు చేతకాలేదు, గొంతు దానంతట అదే ఎక్కాల్సిన చోట ఎక్కింది. మా వాడు ముడుచుకుపోయిన ఆ చెయ్యి ఎత్తి "ఆహా, అట్లనా!" అన్నాడు, ఎక్కడ పడాలో అక్కడ. జరిగిందంతా విన్నవాళ్లే, ఆ చెయ్యి కళ్లెదుట చూస్తున్నవాళ్లే. ఐదారుగురు పకపకా నవ్వేశారు. అనంతపురం ఆయన నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మా వాడికి కోపం రాలేదు. నెమ్మదిగా చెయ్యి దించుకున్నాడు.

"చూసినారా, మాట ఇంకా బాగానే ఉండాది" అన్నాడు. "అందుకే ఆ పందిరి ఎక్కొద్దంటాండేది."